పూరీ గేట్ దగ్గర ఒక ట్రంకు పెట్టె

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగి ఐ.ఐ.టి. వైపు వెళ్లే దారిలో పూరీ గేట్ అనే చోటు వస్తుంది. మా బాల్యం ఆ పరిసరాలలోనే గడిచింది. గేటు పడినప్పుడల్లా రిక్షాలు, సైకిళ్లు బారులు తీరేవి. నిరీక్షిస్తున్న ఆ జనసమూహంలో బెంగాలీ, ఒడియా, హిందీ మాటల నడుమ శ్రీకాకుళపు యాసలో తెలుగు కూడా వినవచ్చేది. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్కుషాపులో పనికోసం ఉత్తరాంధ్ర పల్లెల నుండి తరలివచ్చిన కుటుంబాల భాష అది. మా తాతగారు అలా వచ్చినవారిలో ఒకరు. ఆయన ఫిట్టరు.

తాతగారికి ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉండేది. ఉద్యోగపు ఉత్తర్వు, జీతపు చీటీలు, సంఘం రసీదులు, తెలుగువారు ఆడిన నాటకాల కరపత్రాలు, ఊరి నుండి వచ్చిన కార్డులు అందులో ఉండేవి. బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి గారి సభకు తాను వెళ్లినట్లు ఆయన పలుమార్లు చెప్పేవారు. అది ఏ సంవత్సరమో, ఏ మైదానమో, ఆనాడు గిరి గారు ఏమి చెప్పారో మేము ఒక్కనాడూ అడగలేదు. తాతగారు పోయారు. నాన్నగారు పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసేనాడు, సామాను ఎక్కువైందని ఆ కాగితాలన్నిటినీ పాత కాగితాలవానికి తూకానికి ఇచ్చివేశాము. తూచినది మా చేతులే. కొన్నేళ్లకు ఖరగ్‌పూర్ కార్మికుల చరిత్రపై పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చి, "మీ తాతగారి కాగితాలు ఏమైనా ఉన్నాయా అండీ?" అని అడిగాడు. కాఫీ ఇచ్చి పంపడం మినహా అతనికి మేము ఏమీ ఇవ్వలేకపోయాము.

చరిత్ర రచన ఆచార్యుల పని, కట్టడాల సంరక్షణ ప్రభుత్వం పని అని మనలో చాలామంది భావిస్తాము. తెలుగునాట చరిత్ర పరిశోధనకు పునాది వేసిన వారిని పరిశీలిస్తే ఈ భావన నిలువదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు (1877–1923) నాగపూరులో చదువుకున్నారు. మునగాల సంస్థానంలో దివానుగా ఉద్యోగం చేశారు. లెక్కలు, దస్త్రాలు, వ్యాజ్యాలతో నిండిన ఆ ఉద్యోగం సాగిస్తూనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనకు ప్రధాన కారకులైనారు. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగాన్ని 1910లో వెలువరించినది ఆ మండలియే. ఆపై ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని మూడు సంపుటాలు తెచ్చారు. ఆ పని పూర్తికాకముందే, నలభై ఆరేళ్ల వయస్సులో కన్నుమూశారు.

ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ గారు పాఠశాల ముఖం చూడలేదు. తమ్ముని చదువు తోడుగా ఇంటనే అక్షరాలు నేర్చి, భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాలలో కాపురముంటూ, భారత స్త్రీల జీవితచరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించారు. 1905లో, ముప్పై దాటీదాటని వయస్సులో, బిలాసపూరులో పరమపదించారు. నాగపూరు, బిలాసపూరు, ఖరగ్‌పూర్ — మూడూ ఆనాటి బి.ఎన్.ఆర్. మార్గంలోని ఊళ్లే. మన తాతలు పనికి వెళ్లిన దారుల వెంటనే మన చరిత్ర రచన కూడా కొంత సాగినదన్నమాట.

హైదరాబాదులోని పరిశోధక మండలి లక్ష్మణరావు గారి పేరు ధరించి, తెలంగాణ పల్లెలలోని శాసనాలను సేకరించింది. అందులో కృషి చేసిన ఆదిరాజు వీరభద్రరావు గారు బడిపంతులు. శాసనం ప్రతి తీయడం ఓపికతో కూడిన పని. రాతిని నీటితో కడిగి, కుంచెతో నాచును, మట్టిని తొలగించాలి. తడిపిన కాగితాన్ని దానిపై పరచి, అక్షరపు గుంటలలోకి దిగేవరకు కుంచెతో మెత్తగా కొట్టాలి. ఆపై సిరా అద్దితే నల్లని నేలపై తెల్లని అక్షరాలు తేలుతాయి. అలా సేకరించిన 'తెలంగాణా శాసనములు' 1935లో అచ్చయింది. పొలంగట్టున పడి ఉన్న రాయి పగిలినా, మాయమైనా, అందులోని మాట ఆ ప్రతిలో మిగులుతుంది.

కట్టడాల మాటకు వస్తే, పూరీ గేట్ దాటి వెళితే వచ్చే హిజ్లీయే మంచి ఉదాహరణ. బ్రిటిష్ వారి నిర్బంధ శిబిరమది. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే నిర్బంధితులు మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూరు కలకత్తాలో బహిరంగంగా నిరసన తెలిపారు. స్వాతంత్ర్యానంతరం ఆ భవనంలోనే దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైంది. 1990లో అందులో నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల వెలసింది. పాత జైలు కదా అని కూల్చివేసి ఉంటే, నేడు అక్కడికి వెళ్లే విద్యార్థికి చూపడానికి ఒక రాతిపలక తప్ప ఏమీ మిగిలేది కాదు. ఏదో ఒక ఉపయోగంలో ఉన్న కట్టడం బ్రతుకుతుంది. తాళం వేసిన కట్టడం ముందు కురుస్తుంది, తరువాత కూలుతుంది.

ఖరగ్‌పూర్ వారికి తమ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని గర్వంగా ఉండేది. అది 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయాయి. కొలతల ఘనత ఎప్పటికైనా మరొకరిదవుతుంది. ఆ ప్లాట్‌ఫారంపై మూట నెత్తిన పెట్టుకొని దిగిన మనుషుల కథ మాత్రం మరెవరికీ చెందదు. అది పోతే పోయినట్లే.

మన సంస్థలోని ప్రతి ఇంట ఇటువంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. దానిని తెరవడానికి పట్టా అవసరం లేదు. పెద్ద చదువుల పట్టాలు లేకుండానే మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు రెడ్డిరాజ్యాల చరిత్రకారులై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించారు. చేయవలసినది కొంచెమే. ఫొటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. చిరిగిన కాగితానికి అంటుటేపు వేయకండి. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్నే తినివేస్తుంది. లామినేషను చేయించకండి, ఒకసారి చేస్తే విడదీయడం దుస్సాధ్యం. పెట్టెను నేలమీద, చెమ్మగోడకు ఆనించి ఉంచకండి. ఇంటి పెద్దలను కూర్చోబెట్టి, చేతిలోని ఫోనులోనే వారి మాటలు రికార్డు చేయండి. "ఏ సంవత్సరం? ఎక్కడ? పక్కన ఎవరున్నారు?" అని అడగడం మరువకండి. మేము అడగని ప్రశ్నలు అవే.

క్వార్టరు మారేవారు, పదవీ విరమణ చేసేవారు ఈ ఏడూ మనలో ఉన్నారు. సామాను సర్దేటప్పుడు తక్కెడ తెప్పించే ముందు ఒక్క సాయంకాలం ఆ కాగితాలతో గడపవలసిందిగా వారికి మా మనవి. మా ఇంట మిగిలినది ఖాళీ ట్రంకు పెట్టె ఒక్కటే. దానిలో ఇప్పుడు బియ్యం పోసుకుంటున్నాము.