ఆ భూతానికి చదువు వచ్చు

నా ఈడువాడే అయిన మిత్రుడొకాయన మొన్న గరివిడి స్టేషనులో బండి కోసం కూర్చుని ఒక తీర్పు చెప్పారు. "ఫ్రాంకెన్‌స్టయిన్ నవల సగం కూడా సాగలేదండీ మాస్టారూ. అంతా ఉపన్యాసాలే. సినిమా గంటా పది నిమిషాల్లో అంతకంటె గొప్పగా చెప్పేసింది." ఇంతలో బండి వచ్చింది, వాదం ఆగింది. ఆ మిగులును ఈ టపాలో తీర్చుకుంటున్నాను. మిత్రులు మన్నింతురు గాక.

నవల మేరీ షెల్లీది, 1818 నాటిది. సినిమా అంటే ఆయన ఉద్దేశం 1931లో జేమ్స్ వేల్ తీసినది. మూలాన్ని మార్చారన్నది నా అభ్యంతరం కాదు. భారతంలో దుష్యంతుడు అన్నీ గుర్తుండే శకుంతలను ఎరగనన్నాడు. కాళిదాసు దుర్వాసుని శాపమొకటి తెచ్చి ఆ దోషాన్ని కడిగేశాడు. అయినా నిండు సభలో శకుంతల నోరు మూయించలేదు. ఆమె చేత రాజును నిలదీయించాడు. వేల్ దొర చేసింది రెండోది. దోషమూ కడిగాడు, నోరూ మూశాడు.

నవలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ ఒక ప్రాణిని పుట్టించి, దాని ముఖం చూసి జడిసి ఆ రాత్రే పారిపోతాడు. (ఆ పేరు పుట్టించినవాడిది. పుట్టినవాడికి పేరే లేదు; పెట్టవలసినవాడు నిలబడలేదు గనుక.) ఆ అనాథ ఒక కుటీరాన్ని ఆనుకొని ఉన్న పాకలో దాగి, గోడ సందులోంచి ఆ ఇంటివారిని చూస్తూ మాట నేర్చుకుంటాడు. నిప్పు, పాలు, రొట్టె, కట్టె: ఇవీ తొలి పదాలు. ఆ ఇంటికి వచ్చిన పరదేశపు పిల్లకు భాష నేర్పుతూంటే, గోడ ఇవతల నుంచి ఆమెకంటె ముందుగా వీడు నేర్చేసుకుంటాడు. అడవిలో దొరికిన సంచిలో మిల్టన్ కావ్యమూ, ప్లూటార్కు చరిత్రలూ, గేటే నవలా ఉంటే చదువుతాడు. ముప్ఫై యేళ్లు తెలుగు చెప్పిన నాకు అంతటి విద్యార్థి ఒక్కడు తగలలేదు. ఆపైన మంచుకొండల మీద తన్ను పుట్టించినవాణ్ణి ఎదుర్కొని, నన్నెందుకు విడిచిపోయావని అడుగుతాడు. మా మిత్రుడు ఉపన్యాసమన్నది దీనినే. అప్పటికే వాడి చేతుల్లో ఒక పసివాడు చచ్చిపోయాడు. మిల్టన్‌ను చదివిన నోరూ, పసివాడి గొంతు నులిమిన చేతులూ ఒక్కడివే కావడం ఆ నవల బరువు.

సినిమాలో వీడికి ఒక్క మాట లేదు. మూలుగులూ గర్జనలూ తప్ప! (ఈ అపచారం వేల్‌తో మొదలు కాలేదు. 1823లో లండను నాటకశాలలోనే వీణ్ణి మూగవాణ్ణి చేశారు.) మరి హంతకుడెందుకయ్యాడు? సహాయకుడు ఫ్రిట్జ్ మంచి మెదడున్న సీసాను జారవిడిచి, నేరస్థుని మెదడున్న సీసా పట్టుకొచ్చాడట. అయిపోయింది. పుట్టించి విడిచిపెట్టినవాడి తప్పు కాస్తా సీసా తప్పయింది! నవలలో వీడు ఏటిలో కొట్టుకుపోతున్న పిల్లను ఒడ్డుకు చేర్చి, అందుకు ప్రతిఫలంగా తుపాకి దెబ్బ తింటాడు. సినిమాలో వీడే పిల్లను నీళ్లలోకి విసిరేస్తాడు. పూవుల్లాగే తేలుతుందనుకున్న అమాయకత్వంతోనే అనుకోండి. కార్లాఫ్ నటన గొప్పది; వెలుతురు కోసం చేతులు చాచిన ఘట్టంలో నాకూ కన్ను చెమర్చింది. కానీ మూగజీవి మీద జాలి చూపడానికి మనకేం ఖర్చు? ఎదురు ప్రశ్న వేసేవాడి మీద చూపమనండి, చూద్దాం.

ఆ సీసా కథను నేను ఉపాధ్యాయుల గదిలో చాలాసార్లు విన్నాను. "వాడి బుర్రే అంతండీ" అనేవారు. అన్నవారిలో నేనూ ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కూలివారి అబ్బాయి ఒకడు పాఠం అప్పజెప్పుతూ "ఎల్లిపోనాడు" అన్నాడు. నేను వాడిలాగే పలికి వెక్కిరించాను. తరగతంతా నవ్వింది. ఆ యేడాది వాడు మళ్లీ నోరు విప్పలేదు. పరీక్షలో తప్పాక "మొద్దు" అని రిజిస్టరు మూసినవాణ్ణీ నేనే. వాడికి చేతకానిది మాట కాదు, నా ఎదుట మాట్లాడడం. ఈ తేడా నాకు ఆ నవల చదివేదాకా తట్టకపోవడం సిగ్గుచేటు.

ఇంకొకటి. ఆ సినిమా విడుదలైన 1931లోనే మన గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, నాగరికులు అనాగరికమని తోసిపుచ్చిన కొండవారి పలుకును వారి దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషి ఆయన. వ్యావహారిక వాదం విషయంలో ఆయన మీద మా పండితవర్గానికుండే కినుక నాకూ ఉండేది. ఇప్పటికీ నా రాత మారలేదని మీకు కనబడుతూనే ఉంది. కానీ హాలీవుడ్డు మాట వచ్చినవాడి మాట పెరికేసిన యేడాదే, మా ఉత్తరాంధ్ర మాస్టారొకరు మాట లేదనుకున్నవారి మాటకు వ్యాకరణం కట్టారు.

2025లో గియెర్మో దెల్ తోరో తీసిన చిత్రంలో వాడికి మాట తిరిగివచ్చింది. సగం కథ వాడే చెబుతాడు. సంతోషించాను. అయితే అక్కడ వాడి పాపాలు చాలామటుకు తుడిచేశారు. నవలలో ఎలిజబెత్తును చంపేది వీడు. ఆ చిత్రంలో విక్టర్ తుపాకి. మాట ఇవ్వాలంటే ముందు నిర్దోషిని చెయ్యాలా? మేరీ షెల్లీ హంతకుడికే ఇచ్చింది. అన్నట్టు, 1931 చిత్రం పేర్లలో ఆమె సొంత పేరు కూడా లేదు. మిసెస్ పెర్సీ బి. షెల్లీ అని ఉంటుంది!

నవల ప్రతిని మా మిత్రుడి ఇంటికి పంపించాను. పదకొండు నుంచి పదహారు దాకా ఉన్న అధ్యాయాలకు కాగితం ముక్కలు పెట్టి మరీ ఇచ్చాను. మిగతాది చదవకపోయినా సరే.