రన్నర్ వేరు, రన్నరప్ వేరు

‘హాబీస్ ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడగ్గానే మన కుర్రాళ్లలో చాలామంది ‘ప్లేయింగ్ క్రికెట్ సర్’ అంటారు. ఆట ఏం నేర్పిందంటే ‘టీమ్ స్పిరిట్, లీడర్‌షిప్’ అని బట్టీ పట్టింది అప్పజెప్తారు. అక్కడితో సరుకు అయిపోతుంది. నా మాట వింటే ఆ పెద్ద పదాలు పక్కన పెట్టేయండి. గ్రౌండ్‌లో రోజూ వాడే చిన్న మాటలే పనికొస్తాయి. కాకపోతే కచ్చితంగా వాడాలి.

ఫైనల్లో ఓడిన జట్టు మన దగ్గర ‘రన్నర్స్ వచ్చాం’ అంటుంది. ఇంగ్లిష్‌లో రన్నర్ అంటే పరుగెత్తేవాడు, అంతే. రెండో స్థానం వచ్చింది రన్నరప్. రెజ్యూమెలో ‘కబడ్డీ రన్నర్’ అని చూసినవాళ్లు ఏమనుకోవాలి? ‘పార్టిసిపేటెడ్’ కూడా అంతే. జిల్లా జట్టుకు ఎంపికై ఆడినవాళ్లు ‘రిప్రజెంటెడ్’ అని రాసుకోవాలి. చెమటోడ్చి తెచ్చుకున్న గౌరవాన్ని మనమే తగ్గించుకోవడం ఎందుకు?

ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్షకు అబ్బాయిలు 5 కి.మీ. 24 నిమిషాల్లో, అమ్మాయిలు 1.6 కి.మీ. 8.5 నిమిషాల్లో పరుగెత్తాలి. ఎలా ప్రిపేరయ్యావంటే ‘డైలీ రన్నింగ్, స్టామినా పెంచాను’ అంటారు. కిలోమీటరుకు పట్టే టైమ్‌ను ‘పేస్’ అంటారని తెలిస్తే లెక్క మారిపోతుంది. 24 నిమిషాల్లో 5 కి.మీ. అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 48 సెకన్లు. 400 మీటర్లు గట్టిగా కొట్టి, కాసేపు నడిచి, మళ్లీ 400... మీరు రోజూ చేసేదే, దాని పేరు ‘ఇంటర్వెల్ ట్రైనింగ్’. ఆ రెండు మాటలతో చెప్పి చూడండి, ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

ఇక దెబ్బలు. అన్నింటికీ ‘లెగ్ పెయిన్’ ఒక్కటే మన దగ్గర! పిక్క పట్టేస్తే క్రాంప్. చీలమండ బెణికితే స్ప్రెయిన్. తొడ కండరం లాగేస్తే స్ట్రెయిన్. జిమ్ ట్రైనర్‌గానో, పీఈటీగానో చేరాలనుకునేవాళ్లు ఈ తేడా చెప్పలేకపోతే ఉద్యోగం ఇవ్వకపోయినా తప్పు పట్టలేం.

సరైన మాట ఎంత పని చేస్తుందో అనుమానముంటే 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలు గుర్తు చేసుకోండి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క లేన్ చైనా రన్నర్ తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజిని కూడా తప్పుకోమన్నారు. ఆమె వెళ్లిపోలేదు. ఫాల్స్ స్టార్ట్ తనది కాదని ట్రాక్ మీదే నిలబడి వాదించింది. రీప్లే చూశారు, చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని డిస్‌క్వాలిఫై చేయడంతో కాంస్యం రజతమైంది. ‘ఫాల్స్ స్టార్ట్’ మన పుస్తకాల్లో ఒక నుడికారం. అక్కడ మాత్రం ఆ రెండు మాటల మీద ఒక పతకం ఆధారపడింది.

అందుకే ఈసారి ‘క్రికెట్’ అన్నాక ఆగకండి. ఏ ప్లేస్‌లో ఫీల్డింగ్ చేస్తారు, వారానికి ఎన్ని నెట్ సెషన్లు, ఏ షాట్‌కు అవుటవుతుంటారు... ఇవి చెప్పండి. తర్వాతి ప్రశ్న వాళ్లే అడుగుతారు, అది మీకు తెలిసిన దాని గురించే ఉంటుంది.