విచారణ లేకుండానే ఓడెక్కించారు

ముంబై ఫోర్ట్ ప్రాంతంలో ఏషియాటిక్ సొసైటీ మెట్లకు ఎదురుగా గుండ్రటి తోట ఒకటుంది. ఒకప్పుడు అది బొంబాయి గవర్నరు పేరుతో ఉన్న ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేరు తీసి మరో ఆంగ్లేయుడి పేరే పెట్టారు. ఆయన పాలకుడు కాదు, పత్రికా సంపాదకుడు. పేరు బెంజమిన్ గై హార్నిమన్.

‘మనల్ని ప్రేమించిన మంచి దొర’ అని ఓ దండం పెట్టేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఆయన పోరాటమంతా సర్కారుకు నచ్చని పత్రిక గొంతు నొక్కే అధికారంతోనే.

1873లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో పుట్టిన హార్నిమన్ పోర్ట్స్‌మత్‌లో విలేకరిగా మొదలై, మాంచెస్టర్ గార్డియన్‌లోనూ పనిచేసి, 1906లో కలకత్తా స్టేట్స్‌మన్‌లో చేరారు. 1913లో కాంగ్రెస్ నాయకుడు ఫిరోజ్‌షా మెహతా బాంబే క్రానికల్ పత్రిక పెట్టి సంపాదకత్వం ఆయనకు అప్పగించారు.

అప్పటికి 1910 నాటి ప్రెస్ చట్టం అమల్లో ఉంది. కొత్తగా అచ్చుయంత్రం పెట్టాలంటే 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. రాత నచ్చకపోతే అది జప్తు. మళ్లీ అచ్చు వేయాలంటే 1,000 నుంచి 10,000 దాకా కట్టాలి. అప్పటికీ దారికి రాకపోతే యంత్రాన్నే పట్టుకుపోతారు. చిన్న పత్రికల ప్రాణం తీయడానికి జైళ్లు అక్కర్లేదు, ఈ లెక్క చాలు. దీన్ని ఎదిరించడానికే 1915లో ప్రెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, అధ్యక్షుడు హార్నిమనే.

రౌలట్ చట్టంపై ఆందోళనలో ఆయన గాంధీజీ వెంట నిలిచారు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. రెండు వారాలైనా తిరక్కుండానే బొంబాయి ప్రభుత్వం ఆయన్ని ఓడెక్కించి లండన్ పంపేసింది. ఢిల్లీ వీధుల్లో సైనికులు మెత్తటి మొన తూటాలు వాడారని రాశారనీ, బ్రిటిష్ సైనికులకు పత్రికను ఉచితంగా పంచారనీ భారత వ్యవహారాల మంత్రి మాంటేగు పార్లమెంటులో ఆరోపించారు. అది నిజమో కాదో తేల్చడానికి ఏ కోర్టులోనూ విచారణ జరగలేదు. యుద్ధకాలపు భారత రక్షణ చట్టం చేతిలో ఉండగా సర్కారుకు సాక్ష్యాలతో పనేముంది?

అలాగని హార్నిమన్ నోరు మూతపడలేదు. 1920లో పంజాబ్ దురంతాలపై లండన్‌లో పుస్తకం వెలువరించారు. క్రానికల్ కొన్నాళ్లు ఆగిపోతే, ఇక్కడ గాంధీజీ యంగ్ ఇండియా పత్రిక బాధ్యత చేపట్టారు. 1926లో తిరిగొచ్చిన హార్నిమన్ 1933లో బాంబే సెంటినెల్ స్థాపించారు. 1941లో పాత్రికేయుడు కరంజియా బ్లిట్జ్ వారపత్రిక మొదలుపెట్టినప్పుడూ ఆయన తోడున్నారు. 1948లో కన్నుమూశారు.

ఆయన పేరు తోటకు పెట్టుకున్న మనం, ఆయనకు జరిగిన అన్యాయం మళ్లీ జరగని ఏర్పాటు చేసుకున్నామా? 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు (ప్రధానంగా భారత మూలాలున్న విదేశీ పౌరులు) ఇక్కడ పాత్రికేయ వృత్తి చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అమెరికాలో పుట్టి, హైదరాబాద్‌లో విలేకరిగా చేరాలనుకునే తెలుగింటి అమ్మాయికీ ఇదే నిబంధన. విదేశీ పౌరుల్ని ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, కాదనలేం. కానీ అనుమతి నిరాకరించినా, వెనక్కి పంపినా, కారణం కాగితం మీద చెప్పాలి. దాన్ని కోర్టులో ప్రశ్నించే వ్యవధి ఇవ్వాలి. 1919లో హార్నిమన్‌కు దక్కనివి ఈ రెండే.