సంక్రాంతికి ఉన్నవాళ్ళు లెక్కలకు ఉండరు

కనుమ వెళ్ళిన మర్నాటి నుంచి ఆమదాలవలస, పలాస రైల్వేస్టేషన్లలో ఒక గంట నిలబడి చూస్తే శ్రీకాకుళం జిల్లా పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. చేతుల్లో సంచులు, నెత్తిన బియ్యం మూటలు, చంకన పిల్లలు. సికింద్రాబాదు వైపు, చెన్నై వైపు వెళ్ళే బళ్ళలో జనరల్ పెట్టెలు ఎక్కడానికి చోటుండదు. పండుగకు కళకళలాడిన ఊళ్ళలో పది రోజులు గడిచేసరికి ముసలివాళ్ళూ, బడిపిల్లలూ మిగులుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జనాభా లెక్కలవాళ్ళు వచ్చి తలుపు తడతారు.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడుతూ వచ్చాయి. చివరికి 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటన చేసింది. అంటే మనుషులను లెక్కించే పని ఫిబ్రవరిలో జరుగుతుంది. 2011లో కూడా ఫిబ్రవరి 9 నుంచి 28 వరకే జరిగింది. ఆ రోజుల్లో పూర్తిగా ఊళ్ళో లేనివారిని సొంత ఇంటి లెక్కలో వేసుకోరు. ఎక్కడ ఉంటే అక్కడే రాసుకుంటారు. ఇది దేశమంతటికీ ఒకే నియమం గనుక తప్పు పట్టవలసింది లేదు. అయితే దాని ఫలితం అన్ని జిల్లాలకూ ఒకటి కాదు.

2011 లెక్కలే చూడండి. అంతకు ముందు పదేళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 11 శాతం పెరిగింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా ఆరున్నర శాతం, విజయనగరం నాలుగు శాతం పైచిలుకు మాత్రమే పెరిగాయి. పక్కనున్న విశాఖపట్నం జిల్లా 12 శాతం పెరిగింది. హైదరాబాదు చుట్టూ ఉన్న రంగారెడ్డి జిల్లా ఏకంగా 48 శాతం పెరిగింది. రంగారెడ్డిలో అంతమంది పుట్టారా? మన ఊళ్ళలో పుట్టడం మానేశారా? ఇక్కడ పుట్టి పెరిగి కాయకష్టానికి వచ్చిన మనిషి అక్కడ లెక్కకు వచ్చాడు.

ఇంకొక లెక్క ఉన్నది. 2011లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవారికి 1,015 మంది ఆడవారు ఉన్నారు. రాష్ట్ర సగటు 993. ఆరేళ్ళ లోపు పిల్లల్లో మాత్రం మగపిల్లలే ఎక్కువ. ఆ మగపిల్లలు పెద్దవారయ్యాక ఏమయ్యారు? ఆడవారి ఆయుష్షు కొంత ఎక్కువన్న మాట నిజమే గాని, తేడా అంతా దానికే కట్టలేము.

నీళ్ళకు లోటులేని పశ్చిమగోదావరి కూడా ఆ పదేళ్ళలో మూడున్నర శాతమే పెరిగింది కదా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. అక్కడ కుటుంబాలు చిన్నవయ్యాయి. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళారు. వెళ్ళినవారిలో చాలామందికి ఊళ్ళో కౌలు వచ్చే పొలం ఉంటుంది. మన దగ్గర వెళ్ళేవాడికి వెనక ఉండేది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, దాని మీద వడ్డీ. చదువుకుని ఎగిరిపోవడం వేరు, అప్పు తీర్చడానికి తరలిపోవడం వేరు. అంకెల్లో మాత్రం రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. వలసకు కారణం రాయకుండా అంకె ఒక్కటే రాస్తే జరిగే అన్యాయం ఇది.

ఎందుకు వెళుతున్నారో మనకు తెలియనిది కాదు. వంశధార నీరు అందిన చోట ఒక పంట, అందని చోట ఆకాశం వంక చూపు. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే ఉద్దానాన్ని 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలమట్టం చేసింది. కొబ్బరిమొక్క పెట్టిన ఏడాదికే కాయదు. అది కాపుకు వచ్చేదాకా ఇల్లు గడిచేదెట్లా? దానికి తోడు కిడ్నీ జబ్బుల ఖర్చు.

మత్స్యకారుల సంగతి మరీ విడ్డూరం. 193 కిలోమీటర్ల తీరం మనది. మరపడవలు నిలిపే రేవు దశాబ్దాలపాటు లేకపోవడంతో గార, ఎచ్చెర్ల తీరాల వాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి, పరాయివాడి పడవ మీద కూలికి వేటాడడం అలవాటైంది. అట్లా వెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారిలో ఇరవైమంది 2020 జనవరిలో ఇళ్ళకు చేరారు. మూడు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చి వేలమంది వెరావల్‌లో చిక్కుకున్నారు. ఇంతమంది మనవాళ్ళు అక్కడ ఉన్నారని అప్పుడు గాని చాలామందికి తెలియలేదు. ఫిబ్రవరి నెలలో వీళ్ళు ఉండేది ఇంట్లో కాదు, పడవ మీద.

ఇంకొక విచిత్రం. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదు వెళ్ళిన మన కూలీ సొంత రాష్ట్రంలో జిల్లా మారినవాడు. ఆ రోజు నుంచి పరాయి రాష్ట్రానికి వలస వెళ్ళినవాడు. మనిషి అతడే, మోసే ఇటుకలు అవే. కాగితం మీద గడి మారింది.

లెక్క తగ్గితే ఏమవుతుందని తేలికగా తీసుకోవడానికి లేదు. పంచాయతీలకు వచ్చే నిధుల్లో జనాభాకు పెద్ద పాత్ర ఉన్నది. నియోజకవర్గాల పునర్విభజన కూడా జనాభాను బట్టే జరుగుతుంది. జనాభా తక్కువ పెరిగిందని నిధులు తగ్గడం, నిధులు తగ్గి పనులు లేక మరింతమంది వెళ్ళిపోవడం, ఈ గానుగ తిరుగుతూనే ఉంటుంది.

వెళ్ళినవాళ్ళను ఇక్కడ దొంగ లెక్క రాయమని అనడం లేదు. ఒక మనిషిని రెండుచోట్ల రాయడం తప్పు. ఎక్కడా రాయకపోవడం అంతకంటె పెద్ద తప్పు. ఇటుకబట్టీల్లో, కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో, పడవల మీద ఉన్నవారిని వదిలిపెట్టకుండా లెక్కించే ఏర్పాటు చేయాలి. పూర్వం ఎక్కడ ఉండేవారు, ఎందుకు వచ్చారు అనే ప్రశ్నలకు జవాబు శ్రద్ధగా రాసుకోవాలి. ఆ పట్టికలు ఏళ్ళ తరబడి బీరువాల్లో మగ్గకుండా జిల్లాలవారీగా వెంటనే ప్రకటించాలి.

అంతకంటె ముందు జిల్లా యంత్రాంగం చేయదగిన పని ఒకటున్నది. ప్రతి పంచాయతీలో వలస రిజిస్టరు పెట్టాలి. ఎవరు, ఎప్పుడు, ఏ మేస్త్రీతో, ఏ ఊరికి వెళ్ళారో అందులో ఉండాలి. ఇళ్ళ వివరాలు చేతిలో ఉన్న గ్రామ సచివాలయానికి ఇది మోయలేని బరువు కాదు. రేపు ఏ ఆపద వచ్చినా మొదట అక్కరకు వచ్చేది ఆ పుస్తకమే.

మన వంతు కూడా ఉన్నది. 2027 సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్ళేవారితో ఇంటివాళ్ళు ఒక్క మాట చెప్పాలి: ఉన్నచోట లెక్క రాయించుకోండి, సొంత జిల్లా పేరు చెప్పండి అని. బిడ్డలు ఎక్కడున్నారో తెలియని ఇంటికి నిశ్చింత ఉండదు. జిల్లాకైనా అంతే.