మనం కప్పుకోని బొంత

ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సైన్సువాణ్ణి కదా, ఏ అణుశక్తి మీదో అంతరిక్షం మీదో రాస్తాననుకున్నారు. నేను బొంత గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకుంటే ముందుకి పోవచ్చు.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగిపోయినప్పుడు మన హాస్టల్లో కూడా బట్టలు పోగుచేశాం. గదిగదికీ తిరిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మూడు బస్తాలు నిండాయి. ఏమేం నిండాయో చెప్పమంటారా? జిప్పు పోయిన ప్యాంట్లు, జతలేని మేజోళ్ళు, లాబరేటరీలో యాసిడ్ తిన్న తెల్లకోటు, ఆఖరికి ఒక టై! నడుములోతు నీళ్ళలోంచి బయటపడ్డ మనిషి టై కట్టుకుని ఎక్కడికి వెళ్తాడో ఇచ్చిన మిత్రుడికే తెలియాలి. ఎవర్నో అనడం నా ఉద్దేశం కాదు. నేనిచ్చిన చొక్కాకి మోచెయ్యి దగ్గర చిరుగు ఉంది. ఆ సంగతి తెలిసే ఇచ్చాను. రెండు బస్తాలు లారీ ఎక్కాయి. మూడోది వద్దన్నారు. అది మెట్లకింద దుమ్ము కొట్టుకుంటూ చాలా నెలలు పడివుంది.

ఇది మనకొక్కళ్ళకే పట్టిన జబ్బు కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలలనుంచీ పాతబట్టలు చేరాయి. వాడుకునేవాళ్ళు లేక రోడ్ల పక్కన గుట్టలుగా పడిపోయాయి. ఇంకా వెనక్కి వెళ్తే కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి చేసింది కూడా ఇదే. నీళ్ళు తాగడం, గడ్డి మెయ్యడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవుల్ని దానమిచ్చాడు. కొడుకు అడిగిన మరణ రహస్యం సంగతి మా లెక్చరర్లు చూసుకుంటారు. రైతుబిడ్డనైన నాకు మాత్రం ఆ ఆవుల దగ్గరే మనసు ఆగిపోతుంది. వట్టిపోయిన గొడ్డుని తోలుకెళ్ళినవాడికి మిగిలేది మేత ఖర్చే కదా.

ఇక బొంత సంగతి. మాది పల్నాడువైపు పల్లెటూరు. కొంచెం పత్తి, కొంచెం మిరప. జనవరి నుంచి మిరపకోతలకి కర్నూలు పడమటివైపునుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. కల్లం పక్కన పట్టాలు, వెదురు కర్రలతో పాక వేసుకుని మూడు నెలలుంటారు. పగలు ఎండ ఫరవాలేదు గాని తెల్లవారుజామున చలి ఎముకల్లో దిగుతుంది. ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మెట్లకింది బస్తా నా మనసులో ఇంకా మెదులుతోంది. మా ఊరి టైలరు దగ్గర కత్తిరింపు పీలికలు సంచులకొద్దీ ఉంటాయి. ఎవరూ అడగరు, పొయ్యిలోకో పెంటమీదకో పోతాయి. ఒక సంచి తెచ్చి నేనే బొంత కుట్టి ఆ పాకలో ఇస్తానన్నాను.

మగపిల్లాడు సూది పట్టడమేమిటని మా చిన్నత్త ఒకటే నవ్వు. "మిషను మీద కుడితే మగపని, చేత్తో కుడితే ఆడపనా? టైలరు మగాడు కాదంటే?" అని నాయనమ్మ ఒక్కమాటతో ఆవిడ నోరు మూయించింది. తర్వాత నా లెక్క చూసి తనే నవ్వింది. పీలిక వెడల్పు మూడంగుళాలు, బొంత పొడుగు ఆరడుగులు, అంటే 72 అంగుళాలు, కనుక 24 పీలికలు చాలన్నాను. కుట్టు అయ్యాక కొలిస్తే నాలుగడుగులే వచ్చింది! ప్రతి పీలికకీ అటు అరంగుళం, ఇటు అరంగుళం కుట్టులోకి పోతుందని ఫిజిక్సులో ఫస్టుక్లాసు మార్కులు తెచ్చుకున్న నాకు తట్టలేదు. కావలసినవి 36 వరసలు. ఇంకో పన్నెండు అతికాను. ఎర్రవి, పచ్చవి, మెరుపువి అన్నీ కలిసి చూడ్డానికి ముగ్గేసినట్టుంది. అడుగున ఒక పాత దుప్పటి వేసి, చుట్టూ కుట్టేసి, ఫోటో తీసుకుని మరీ పట్టుకెళ్ళి ఇచ్చాను. మిత్రులందరికీ ఫోటో పంపించానని కూడా ఒప్పుకోవాలి.

"కప్పుకుని పడుకున్నావురా నువ్వు?" అంది నాయనమ్మ నేను తిరిగొచ్చాక.

"నేనెందుకు పడుకుంటాను? అది వాళ్ళకి కదా."

ఆవిడ మరేం అనలేదు.

పదిరోజుల తర్వాత నాన్న ఫోన్‌చేశారు. పాకలో పొయ్యికి దగ్గరగా పిల్లాణ్ణి పడుకోబెట్టి బొంత కప్పారట. రాత్రి నిప్పురవ్వ ఎగిరిపడింది. మెరుపు గుడ్డలన్నీ పాలియెస్టరు కదా, కరిగి బొట్టుబొట్టుగా పిల్లాడి పాదానికి అంటుకుంది. తల్లి వెంటనే చూసి నీళ్ళు పోసింది కాబట్టి రూపాయి బిళ్ళంత బొబ్బతో పోయింది. వారాంతంలో ఊరెళ్ళి చూశాను. ఆ తల్లి బొంతని మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది. "ఏమనుకోవాకన్నా, పిల్లోళ్ళున్న సోట దీన్నుంచుకోలేం" అంది. నా తప్పుకి ఆమె నన్ను బతిమాలినట్టు మాట్లాడింది. ఆ మడత పట్టుకుని ఇంటిదాకా నడిచిన అర మైలు నాకిప్పటికీ గుర్తే.

సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. దారప్పోగుని నిప్పుకి చూపించి గుర్తుపట్టడం మనకి తెలియని విద్య కాదు. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలియెస్టరైతే ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పరీక్షలో అడిగితే గుక్కతిప్పుకోకుండా రాసేవాణ్ణి. ఇచ్చేటప్పుడు మాత్రం ఆ చదువు ఎక్కడికి పోయిందో! నూలు కూడా కాలుతుంది, కాదనను. కాని అంటుకుంటే విదిలించి పారెయ్యొచ్చు, ఒంటికి కరుచుకోదు.

రెండో బొంత నాయనమ్మ చెప్పినట్టు కుట్టాం. ముందుగా ఏరడం. ప్రతి పీలిక అంచునుంచి ఒక పోగు లాగి దీపానికి చూపించడం నా పని. సగానికి సగం పోయాయి. మిగిలిన వాటిని నీళ్ళలో నానబెట్టి ఆరేశాం. కొత్త గుడ్డ ముందే ముడుచుకోకపోతే, మొదటి ఉతుకుకే బొంతంతా గుంజుకుపోతుందట. రంగు దిగేవి కూడా అక్కడే బయటపడ్డాయి. లోపలికి నాయనమ్మ పాత నేతచీరలు రెండు. అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలేస్తే సరిగ్గా మనిషి పొడుగొస్తుంది. రెండు చీరలకి ఆరు పొరలు. చలి ఆపేది గుడ్డకన్నా ఆ పొరల మధ్య చిక్కుకున్న గాలే. కదలని గాలికి వేడి సులభంగా లొంగదు. అందుకే చుట్టూ ఒక్క కుట్టేసి వదిలితే పొరలు ఒక మూలకి జారి ముద్దయిపోతాయి. బొటనవేలి వెడల్పు ఎడంతో వరసలు వరసలుగా బొంతంతా కుట్టాలి. మా అమ్మా, నాయనమ్మా, నేనూ కలిసి పొలంపని లేని వేళల్లో కూర్చుంటే పదమూడు రోజులు పట్టింది. ఈసారి ఇచ్చేముందు దాన్ని రెండుసార్లు ఉతికాం, నేను ఒక రాత్రి పెరట్లో మంచంమీద కప్పుకుని పడుకున్నాను. పాదాల దగ్గర ఒక ముడి గుచ్చుకుంది. పొద్దున్నే విప్పి మళ్ళీ కుట్టాం. ఆ తల్లి తీసుకుంది. ముందు అంచుమీది దారాన్ని గోటితో గీకి చూసి, తర్వాత తీసుకుంది. అలా చూసే హక్కు ఆమెకుంది.

నా గదిలో మిత్రుడు వాదిస్తాడు: "మూడొందలు పెడితే దుప్పటి వస్తుంది, ముగ్గురు పదమూడు రోజులు కూర్చోవడం ఏం ఆర్థికశాస్త్రం?" వాదన కొట్టిపారెయ్యను. వరద వచ్చిన రాత్రి బొంత కుడుతూ కూర్చునేవాడు మూర్ఖుడే. అప్పుడు డబ్బు పంపాలి, లేదా కొత్త దుప్పట్లు కొనాలి. కోతకూలీల చలి కేవలం మన బొంతతో పోయేదీ కాదు. వాళ్ళకి గట్టి గది, సరైన కూలి ఇవ్వాల్సింది మా నాన్నలాంటి రైతులే. ఇంట్లో అన్నాను కూడా. మిరప ధర సంగతి చెప్పి ఆయన నా నోరు మూయించారు. ఆ తగవు ఇంకా తెగలేదు. అయితే నా మిత్రుడు ఆ మూడొందలు ఇంతవరకూ తియ్యలేదు. మన యూనియన్ పెట్టె కూడా ఏడాదికొకసారి బట్టలు పోగెయ్యడానికే తెరుచుకుంటోంది.

కనుక యూనియన్‌కి నా విన్నపం ఇది. ఇక మీదట హాస్టల్లో పోగుచేసే ప్రతి గుడ్డనీ ఇచ్చేవాడి ఎదుటే విప్పి చూడండి. "ఇది నువ్వు రేపు వేసుకుంటావా?" అని అడగండి. మొహమాటం పడొద్దు. వేసుకోననే వాటిలో నూలువి బొంతకి పక్కన పెట్టండి, మిగతావి ఇంటికి పంపెయ్యండి. బస్తాలు తగ్గుతాయి, ఫోటోలో నిండుగా కనిపించదు, అయినా ఫరవాలేదు.

కాలేజి గేటు ఎదురుగా ఉన్న టైలరు షాపులో నేనొక సంచి పెట్టి వచ్చాను. అతను మంచివాడే గాని చెప్పినా వినకుండా మెరుపుముక్కలు కూడా అందులోనే పడేస్తున్నాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో కూర్చుని అవి ఏరాలి. కుట్టడం రానివాళ్ళు కూడా రావచ్చు. పోగు లాగి దీపానికి చూపించడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. కెమిస్ట్రీవాళ్ళైతే మరీ మంచిది.