పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా?

ప్రశ్న: మాది యానాం. మా పెద్దమ్మాయికి 22 ఏళ్ళు. డిగ్రీ పూర్తయింది. చిన్నప్పటినుంచీ పరికిణీ కట్టమంటే ఏడుపే. పోయిన నెల జుట్టు కత్తిరించేసుకుని, "అమ్మా, నేను ఆడపిల్లను కాను, మగవాణ్ణి" అంది. ఛాతీకి క్రేప్ బ్యాండేజి బిగించి చుట్టుకుంటోంది. మేడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. నెలసరి రోజుల్లో గదిలోంచి బయటకు రాదు. మంచి సంబంధం వచ్చింది. మాఘమాసంలో పెళ్ళి చేసేస్తే, ఒక బిడ్డ పుట్టాక అదే సర్దుకుంటుందని మా ఆడపడుచు అంటోంది. ఇది హార్మోను లోపమా? మందేమైనా ఉందా?
- ఒక తల్లి, యానాం

జవాబు: అమ్మా, ముందు ఆ పెళ్ళి ఆపండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. పెళ్ళి దీనికి మందు కాదు. తాను మగవాణ్ణని చెబుతున్న మనిషిని ఒక మగవాడికి భార్యగా పంపితే మొదటి రాత్రినుంచీ జరిగేది బలవంతమే. ఏమీ తెలియని ఆ పెళ్ళికొడుకు బతుకూ పాడవుతుంది. 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచివారి యానాంలో చెల్లదు గనుక ఒకప్పుడు చుట్టుపక్కలవాళ్ళు పసిపిల్లల్ని మీ ఊరికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. పిల్లల్ని అడగకుండా చేసిన పెళ్ళిళ్ళు మీ ఊరు చూసినన్ని చాలు.

ఇక లోపం సంగతి. ఇలాంటివారికి రక్తపరీక్షలు చేయిస్తే హార్మోన్లు సాధారణంగా సవ్యంగానే ఉంటాయి. ఆడ హార్మోను ఇచ్చినంత మాత్రాన ఆ భావన పోదు. మీ పెంపకంలోనూ తప్పు లేదు. చొక్కాలు కుట్టించినందుకు ఎవరూ ఇలా మారరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీన్ని మానసిక వ్యాధులనుంచి తొలగించింది. "మార్చేస్తాం" అంటూ చికిత్స చెయ్యడం వృత్తి ధర్మానికి విరుద్ధమని మన జాతీయ వైద్య కమిషన్ కూడా 2022లో చెప్పింది. కాబట్టి భూతవైద్యుడికీ, షాకులిచ్చే డాక్టరుకీ డబ్బు తగలెయ్యకండి. అయితే ప్యాంటు వేసుకునే ప్రతి ఆడపిల్లా ఇలా కాదు. ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల సంగతి కూడా వేరు. ఏది ఏమిటన్నది ఆ మనిషే చెప్పాలి. మీ ఇంట్లో చెప్పడం అయింది. అందుకే ఇకనుంచి "మీ అబ్బాయి" అని రాస్తాను. కోపగించుకోకండి.

హిజ్రాలను మనం రైళ్ళలోనూ బజారులోనూ చూస్తాం. వారికి గురువులూ, కలిసి బతికే ఇళ్ళూ ఉన్నాయి. ట్రాన్స్ పురుషులు అలా కంటబడరు. ఆడపిల్లలుగా పెరిగినవాళ్ళు గనుక గడప దాటనివ్వరు. తమవంటివాడు మరొకడున్నాడని తెలియకుండానే పెళ్ళిపీటలదాకా వస్తారు. మన తెలుగులో ఒక తమాషా ఉంది. "నేను వచ్చాను" అన్నంతసేపూ చెప్పేది ఆడో మగో తెలియదు. కాని ఇంట్లో మిగతావాళ్ళంతా "వచ్చింది, తింది, పడుకుంది" అంటూనే ఉంటారు. ఆ మాట రోజుకు యాభైసార్లు చెవినబడుతుంది. మీరు మందు అడిగారు గదా, "వచ్చాడు" అని చూడండి.

ఆ బ్యాండేజి మాత్రం ఇవాళే తీయించండి. క్రేప్ గుడ్డ ఊపిరి తీసేకొద్దీ బిగుసుకుంటుంది. పక్కటెముకలు దెబ్బతింటాయి. కొలతకు సరిపోయే బైండరు అనే బనీను దొరుకుతుంది. అదయినా 8 గంటలకు మించి వద్దు, రాత్రి తీసేయాలి. మీ గోదావరి ఉక్కలో చెమట నిలిచి తామర పట్టకుండా ఒళ్ళు ఆరనివ్వాలి. అది తీశాక కూడా ఆయాసం తగ్గకపోతే ఛాతీ డాక్టరుకు చూపించండి.

మగ హార్మోను టెస్టోస్టిరోన్ వాడాలా వద్దా అన్నది అతని ఇష్టం. వాడితే చాలామందికి కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది. గొంతు బొంగురుపోతుంది, గడ్డం మెల్లగా వస్తుంది. తర్వాత మందు మానినా పాత గొంతు తిరిగిరాదు. రక్తం చిక్కబడే ప్రమాదం ఉంది గనుక మొదటి ఏడాది సుమారు 3 నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. కొలెస్టరాల్, బి.పి. కూడా చూస్తుండాలి. ముందు ముందు పిల్లలు కావాలనుకుంటే ఆ మాట మందు మొదలెట్టకముందే డాక్టరుతో చెప్పాలి. అలాగని నెలసరి ఆగింది గనుక గర్భం రాదనుకోవడం పొరపాటు. జిమ్ములో ఎవరో ఇచ్చే ఇంజక్షను మాత్రం ముట్టకూడదు. ఎండోక్రైనాలజిస్టు చేతిలోనే జరగాలి. ఆపరేషన్లు కొందరికి కావాలి, కొందరికి అక్కర్లేదు. గర్భసంచి ఉన్నంతకాలం గర్భాశయ ముఖద్వారం పరీక్ష అవసరమే. మీసాలు వచ్చాక ఆడవాళ్ళ ఓ.పి. బెంచీమీద కూర్చోలేక చాలామంది ఆ పరీక్షే మానేస్తారు.

చట్టం మాట. ఎవరి లింగాన్ని వారే చెప్పుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న గుర్తించింది. కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రాన్ని 2019 చట్టం ఏర్పాటు చేసింది. నిబంధనలు మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు కనుక్కోండి. మీకు ఆసుపత్రి కాకినాడైనా, కాగితాలు పుదుచ్చేరి ప్రభుత్వానివి. కాబట్టి ముందు యానాంలోని పరిపాలనాధికారి కార్యాలయంలో అడగండి.

గదిలోంచి బయటకు రావడంలేదన్నారు. చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వంవారి టెలి మానస్, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

కాకినాడ డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్ళండి, ఆడపడుచును పంపకండి. అక్కడ పేరు గట్టిగా పిలుస్తారు. ఓ.పి. చీటీ మీద ఏ పేరు రాయించాలో బస్సెక్కకముందే అబ్బాయిని అడగండి.