నాడి నెమ్మదించింది: సంతోషించాలా, భయపడాలా?



ఈ మధ్య మా ఓ.పి.లో ఒక కొత్త రకం భయాన్ని చూస్తున్నాం. బరువు తగ్గడానికి ఆపరేషను చేయించుకొని ఏడాది దాటినవారు, రోజూ ఉదయం నడకకు వెళ్ళేవారు, నాడి 54 ఉందనో 50 ఉందనో హడలిపోయి వస్తున్నారు. 2020, 2021లలో కోవిడ్ భయంతో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటుంది. దాన్ని వేలికి పెట్టుకుంటారు, అంకె చూసి కంగారు పడతారు. పక్కింటివారు "పేస్‌మేకరు పెట్టించుకోవాలేమో" అంటారు. ఆ మాటతో నడక ఆగిపోతుంది.

ఇంకో రకం వారు కూడా ఉన్నారు. "నా గుండె ఆటగాళ్ళ గుండెలా తయారైంది" అని సంతోషపడుతూ, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా ఎవరికీ చెప్పరు.

మా అభిప్రాయంలో ఈ ఇద్దరిదీ ఒకటే పొరపాటు. అంకెను చూస్తున్నారు గాని, ఆ అంకె ఎందుకు వచ్చిందో అడగడం లేదు. ఈ పొరపాటులో వైద్యులమైన మాకూ భాగం ఉంది.

ముందుగా సంతోషించవలసిన సంగతి చెబుతాం. పెద్దవారికి విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉండవచ్చని పుస్తకాల్లో ఉంటుంది. అయితే 60కి కొంచెం తగ్గినంత మాత్రాన అది జబ్బు కాదు. 2018లో అమెరికాలోని హృద్రోగ వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు, నెమ్మది నాడికి హద్దుగా 50ని తీసుకున్నాయి. ఆ 50 కన్నా తక్కువ ఉన్నా, ఏ బాధా లేకపోతే చాలామందికి వైద్యం అవసరం ఉండదు.

స్థూలకాయం ఉన్న శరీరానికి గుండె ఎక్కువ రక్తాన్ని పంపాలి. గుండెను పరుగెత్తించే నరాల జోరు కూడా అటువంటి వారిలో ఎక్కువగా ఉంటుంది. బరువు తగ్గినప్పుడు ఆ బరువూ ఆ జోరూ రెండూ తగ్గుతాయి. రోజూ నడిచేవారి గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని నెట్టగలుగుతుంది గనుక తక్కువ సార్లు కొట్టుకుంటే సరిపోతుంది. నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె రోజుకు 1,15,200 సార్లు కొట్టుకుంటుంది. అదే 56 అయితే 80,640 సార్లు. అంటే రోజుకు 34,560 కొట్ల పని తగ్గినట్టే. ఇటువంటి నాడిని చూసి నడక మానేయడం, వచ్చిన మేలును వెనక్కి పంపడమే.

ఇక జాగ్రత్త పడవలసిన సంగతి. నాడి ఆరోగ్యం వల్లనే కాదు, ఆకలి వల్ల కూడా నెమ్మదిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పక వేరే సేవను ఎంచుకున్న 36 మంది యువకులు అందులో స్వచ్ఛందంగా చేరారు. అటువంటివారి సేవా శిబిరాలను ఎక్కువగా మెన్నొనైట్, బ్రదరన్, క్వేకర్ సంఘాలు నడిపాయి. మహబూబ్‌నగరు, జడ్చర్ల ప్రాంతాల విశ్వాసులకు మెన్నొనైట్ పేరు కొత్తది కాదు. యుద్ధంలో ఆకలితో అలమటించినవారికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం ఆ యువకులు 1945లో 24 వారాల పాటు అర్ధాకలితో ఉన్నారు. వారి బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గింది. సగటున 55 ఉన్న నాడి 35కి దిగిపోయింది. చలి, నీరసం, తల తిరగడం, దిగులు వారిని పట్టుకున్నాయి. వారి గుండె బలపడి నెమ్మదించలేదు. శరీరం ఉన్న కాస్త ఇంధనాన్ని పొదుపు చేసుకుంది, అంతే.

బరువు తగ్గే ఆపరేషను అయిన మొదటి నెలల్లో మనిషి తినేది ఆ యువకులు తిన్నదానికన్నా తక్కువే. డాక్టర్ల పర్యవేక్షణలో, మాంసకృత్తులు, విటమిన్లు తీసుకుంటూ ఉంటే శరీరం దానిని తట్టుకుంటుంది. కానీ గుడ్డు, పప్పు, పెరుగు సయించక రెండు ముద్దల అన్నంతో, రసంతో సరిపెట్టుకునేవారిని మేము చూస్తున్నాం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలని చెబుతాం గాని, ఇంటి వంటలో అది ఎలా కుదురుతుందో కూర్చోబెట్టి చెప్పేది తక్కువ. శ్రమల దినాలు వచ్చేసరికి ఇటువంటివారు ఉపవాస ప్రార్థనకు కూడా సిద్ధపడతారు. వారి భక్తిని మేము గౌరవిస్తాం. అయినా ఆపరేషను చేయించుకున్నవారు ఆ సంగతి ముందుగా డాక్టరుకూ, పాస్టరు గారికీ చెప్పాలి. పాస్టరు గార్లు కూడా అటువంటివారికి ఉపవాసానికి బదులు వేరే క్రమశిక్షణను సూచించాలని మనవి.

ఇప్పుడు మా పొరపాటు. నాడి తగ్గిందని వచ్చినవారి మందుల చీటీ అడిగి చూస్తే చాలాసార్లు కారణం అందులోనే దొరుకుతుంది. ఆపరేషనుకు ముందు బి.పి. కోసం రాసిన అటెనోలాల్ గాని మెటోప్రొలాల్ గాని అదే మోతాదులో నడుస్తూ ఉంటుంది. డిల్టియాజెమ్, వెరపామిల్, డిగాక్సిన్ కూడా నాడిని తగ్గించే మందులే. కంట్లో నీటికాసులకు వేసే టిమోలాల్ చుక్కలకు కూడా ఆ గుణం ఉంది. మనిషి 118 కిలోల నుండి 80 కిలోలకు వచ్చినా, చేతిలోని చీటీ మాత్రం 118 కిలోల మనిషిదే. ఆపరేషను ఒక ఊరిలో, బి.పి. డాక్టరు ఇంకో ఊరిలో, మాత్రలు కొనేది వీధి చివర మందుల షాపులో. "పాత మందులే వాడండి" అని రాసి పంపడం మాకు తేలిక. దాని బరువు మోసేది రోగి. బి.పి., సుగరు మందులు రెండూ బరువుతో పాటు తగ్గించవలసి రావచ్చు గనుక, ఆపరేషను అయిన ప్రతి మనిషికీ ప్రతి తనిఖీలో చీటీని మొదటి నుండి తిరిగి రాయాలన్నది మా అభిప్రాయం. ఇది ఆసుపత్రి బాధ్యత. రోగి గుర్తు చేస్తేనే చేసే పని కాకూడదు.

అలాగని ఈ వ్యాసం చదివి ఎవరూ ఆ మాత్రలను సొంతంగా ఆపవద్దు. అటెనోలాల్ వంటివి ఒక్కసారిగా మానేస్తే గుండె విపరీతంగా కొట్టుకుని, గుండెనొప్పి రావడానికి కూడా అవకాశం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. ఉదయం నిద్ర లేచాక, మంచం దిగకముందు, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. బొటనవేలితో చూడవద్దు, దానికి సొంత నాడి ఉంది. కొట్టు తప్పుతోందా అన్నది కూడా గమనించండి. మధ్యలో బలహీనమైన కొట్లు పడుతుంటే అవి చేతికీ యంత్రానికీ అందక, 70 సార్లు కొట్టుకునే గుండె 35లా కనిపించవచ్చు. తరువాత ఒక అంతస్తు మెట్లెక్కి మళ్ళీ చూడండి. ఆరోగ్యంగా నెమ్మదించిన గుండె పని పడగానే వేగం పెంచుకుంటుంది. మెట్లెక్కినా నాడి పెరగకుండా ఆయాసం వస్తే, అది మందుల వల్లనో జబ్బు వల్లనో చూపించుకోవాలి.

సొమ్మసిల్లడం, నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం, ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం, కొట్టు తప్పడం, మెలకువగా ఉన్నప్పుడు నాడి 40 కన్నా తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా రండి. సొమ్మసిల్లినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఓ.పి. వేళ కోసం ఆగకండి. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, కంటి చుక్కలతో సహా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. ఇ.సి.జి., పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ బి.పి., రక్తంలో పొటాషియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలతో చాలావరకు సంగతి తేలుతుంది.

పౌలు భక్తుడు కొరింథు సంఘానికి రాస్తూ దేహాన్ని ఆలయంతో పోల్చాడు. ఆలయంలో దీపం మంట తగ్గితే, నూనె అయిపోయిందా, లేక గాలి లేక నిలకడగా వెలుగుతోందా అని దగ్గరకు వెళ్ళి చూస్తాం గదా. నాడి విషయంలోనూ మీరు, మేము కలిసి అంత శ్రద్ధ చూపిద్దాం. నడక మాత్రం, పైన చెప్పిన బాధలేవీ లేనివారు, రేపు ఉదయం కూడా మానవద్దు.

ప్రభువు మీకు మంచి ఆరోగ్యాన్ని దయచేయును గాక.